ఉస్తాద్‌ను వాగు దాటించిన పట్టీ

ఉస్తాద్ తవిటినాయుడిని ఏదైనా అడిగితే జవాబు ఆయన నోటి నుంచి వచ్చేది కాదు, అడిగినవాడి ఒంటి మీదికి వచ్చేది. ఆయన దగ్గితే కొండ అవతలి నెమళ్లు మకాం మార్చేసేవి. బరువులో ఏనుగుకి తమ్ముడి వరస. ఆయన శిక్షణ ఇచ్చే కమాండో శిబిరంలో ఆ చేతికింద నలిగి బయటపడ్డవాడు ఎదురైతే పిడుగైనా పక్కకి తప్పుకునేది. ఇందులో రవ్వంత కూడా అబద్ధం లేదు.

ఆయన శిష్యుడు గౌరీశుకి ఒకటే కోరిక. మర్నాటి అడవి విన్యాసంలో దళానికి ముందు తనే నడవాలి. ముందు నడిచేవాణ్ణి ఎంచేది ఉస్తాదే. ఆయన మెప్పు కోసం వాడు ఆన్‌లైన్లో ఒక రైఫిల్ స్లింగ్ తెప్పించాడు. తుపాకీ భుజాన తగిలించుకునే పట్టీయే గాని, దాని కొక్కేలు, బకిళ్లు, సాగే రబ్బర్లు చూస్తే రైలింజన్ని కూడా కట్టి లాక్కెళ్లొచ్చు.

"ఒరే, అది స్లింగా, పెళ్లిగుర్రం జీనా?" అన్నాడు తోటివాడు సింహాద్రి.

గౌరీశు వాణ్ణి పట్టించుకోకుండా వెళ్లి ఉస్తాద్ ఎదురుగా నిలబడ్డాడు. "ఉస్తాద్, యుద్ధానికి ఎలాంటి స్లింగ్ మంచిది?"

ఉస్తాద్ నేరుగా శిబిరం పక్కనున్న వాగు ఒడ్డుకి పోయి బురదలో వెల్లకిలా పడుకున్నాడు.

"నాకు తూటా తగిలింది. అవతలికి మొయ్యి."

గౌరీశు ఆ కొండని భుజాన వేసుకున్నాడు. నడి వాగులోకి వచ్చేసరికి తుపాకీ జారి మోకాళ్లకి అడ్డం పడింది. పట్టీ బిగించబోతే ఏ బకిలు లాగాలో తెలియలేదు. ఒక కొక్కెం ఉస్తాద్ బెల్టుకే తగులుకుంది. ఇద్దరూ నీళ్లలో కూలారు. తుపాకీ గొట్టం నిండా బురద.

"నేను చచ్చిపోయాన్రా," అన్నాడు ఉస్తాద్ మీసాల నీళ్లు పిండుకుంటూ. "నీ స్లింగు మాత్రం సోకుగా ఉంది."

ఒడ్డున దళమంతా పగలబడి నవ్వింది. గౌరీశు నవ్వలేదు. తుపాకీ శుభ్రం చేశాడు. కత్తి తీసి కొక్కేలు, రబ్బర్లు అన్నీ కోసి పారేశాడు. మిగిలింది వెడల్పాటి ఒక్క పట్టీ. ఒక కొస తుపాకీ మడమకి, ఒక కొస ముందువైపుకి కట్టాడు. మధ్యలో లాగితే బిగిసే, వదిలితే సడలే ఒకే ఒక్క బకిలు ఉంచాడు.

"మళ్లీ పడుకోండి ఉస్తాద్."

ఆ గదమాయింపుకి వాగు కూడా ఒక్క క్షణం ఆగి విన్నది. ఈసారి పట్టీ ఒక్క గుంజు గుంజితే తుపాకీ ఒంటికి అతుక్కుపోయింది. వాడు వాగు దాటాడు. ఉస్తాద్‌ని దింపీ దింపకముందే ఒక్క కుదుపుతో తుపాకీ చేతిలోకి వచ్చి అడవి వైపు తిరిగింది. గొట్టానికి చుక్క నీరు అంటలేదు. ఇటు ఒడ్డున సింహాద్రి వేసిన ఈలకి పక్క జిల్లా గేదెలు బెదిరాయి. గౌరీశు ఛాతీ చొక్కాలో పట్టలేదు.

"ఇదేనా ఉస్తాద్, మంచి స్లింగు?"

"దాటేటప్పుడు నీకేం గుర్తుంది?"

"మీరే. మీ బరువే. స్లింగైతే గుర్తే లేదు."

ఉస్తాద్ లేచి వాడి భుజమ్మీద చెయ్యి వేశాడు. "అయితే రేపు ముందు నువ్వే నడు."