రక్తదాతల పేజీ

సులోచన ఆరు నెలలు కూర్చుని రక్తదాతల కోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేసింది. పూర్తయ్యాక గురువు మస్తాన్‌వలి గారికి చూపించడానికి వెళ్లింది. టెలిఫోన్ శాఖలో రిటైరయ్యాక ఆయన గుంతకల్లులో తన ఇంటి ముందుగదిలోనే కొందరికి ఈ విద్య నేర్పుతున్నారు.

ఫోన్‌లో ఏదీ ఎక్కించుకోనక్కర్లేదని, బ్రౌజర్‌లో పేరు కొడితే చాలని ఆమె వివరించింది. కంటికి కనబడే పేజీ ఒకటి, అడిగినదానికి జవాబిచ్చే సర్వర్ ఒకటి, దాతల వివరాలు దాచిన డేటాబేస్ ఒకటి. మూడింటికీ కొత్తగా వచ్చిన టెక్నాలజీలే వాడానంది. పేజీ తెరవగానే ఎర్రటి చుక్కలు కదులుతూ వచ్చి గుండె బొమ్మగా మారాయి.

"ఇంక నేను నేర్చుకోవాల్సింది ఏముంది సార్?" అని అడిగింది.

ఆయన లేచారు. చెప్పులేసుకుని, తనతో రమ్మన్నారు.

ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు గది బయట ఓబులేసు అనే కూలీ నిలబడి ఉన్నాడు. భార్యకు కాన్పు కష్టమైంది. ఓ నెగెటివ్ రక్తం అయిపోయిందని, దాతను వెతికి తెచ్చుకోమని లోపల చెప్పారట. మస్తాన్‌వలి అతని ఫోన్ అడిగి తీసుకుని సులోచన చేతిలో పెట్టారు.

"నీ పేజీలో వెతుకు తల్లీ."

అది అద్దం పగిలిన పాత ఫోన్. సిగ్నల్ అంతంతమాత్రం. పేరు కొట్టింది. తెర తెల్లగా ఉండిపోయింది. కాసేపటికి ఒక చుక్క వచ్చింది. తర్వాత ఇంకోటి. ఓబులేసు ఫోన్‌ను చూడడం లేదు, ఆమె మొహమే చూస్తున్నాడు. బొమ్మ సగం కూడా రాకుండానే ఫోన్ బిగుసుకుపోయింది.

గోడ మీద ఎప్పుడో అంటించిన దాతల కాగితం ఉంది. మస్తాన్‌వలి అందులో ఆ గ్రూపు వాళ్ల నంబర్లు ఒక్కొక్కటే చూసి ఫోన్ చేశారు. మూడో నంబరుకు ఒక లారీ మెకానిక్ పలికాడు. అరగంటలో వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుని, రక్తమిచ్చాడు. సాయంత్రానికి తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చింది.

ఇంటికెళ్లి సులోచన చుక్కలు, గుండె, రంగులు అన్నీ తీసేసింది. రక్తం గ్రూపు రాసే గడి, ఒక బటన్ మిగిలాయి. నొక్కితే సర్వర్ నుంచి పేర్లూ నంబర్లూ తప్ప మరేమీ రావు. మర్నాడు ఆసుపత్రికి పోయి, అక్కడ కూర్చున్నవాళ్లను బతిమాలి, వాళ్ల ఫోన్లలో తెరిచి చూసుకుంది.

నెల తర్వాత గురువుగారు అడిగారు, జనం వాడుతున్నారా అని. వాడుతున్నారంది. దాతలు దొరుకుతున్నారంది.

"పేజీ ఎలా ఉందంటున్నారు?"

"పేజీ గురించి ఎవరూ ఏమీ అనలేదు సార్."

"అయితే పనిచేస్తోంది," అన్నారు మస్తాన్‌వలి.