పేరు చెప్పని పని

సిస్టర్ ఆరోగ్య మేరీకి ముప్పై ఎనిమిదేళ్ళు. పొద్దుటి టీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది. కూర్చుంటే ఆసుపత్రి ఆగిపోతుందని ఆవిడ భయం.

పలకరాయి క్వారీల మధ్య మఠం నడిపే కంటి ఆసుపత్రి అది. రాతిముక్క ఎగిరి కంట్లో పడ్డ కూలీలు, పొరలు కమ్మిన ముసలివాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వస్తారు. రెండో వార్డు ఆడవాళ్ళది. అందులో ఉన్నవాళ్ళందరికీ రెండు కళ్ళకూ కట్టే. అన్నం పెట్టడం దగ్గర్నుంచి దొడ్డికి తీసుకెళ్ళడం దాకా అన్నీ ఆయాలే చూడాలి.

ఆ ఆయాల మంచిచెడ్డలు చూడటం ఆరోగ్య మేరీ పని. ప్రతి శనివారం ప్రార్థన అయ్యాక బాగా పనిచేసిన ఒక ఆయా పేరు చదివేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. పేరు వచ్చిన ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అంతటితో సరి.

హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చాక ఆవిడకి ఆ చప్పట్లు చాలవనిపించింది. మెచ్చుకోలుకి బహుమతి తోడైతేనే మనిషి మనసుపెట్టి పనిచేస్తుందని అక్కడ కోటు వేసుకున్న ఒకాయన చెప్పాడు. ఆయన జన్మలో బెడ్‌పాన్ ఎత్తి ఉండడు.

పథకం తయారైంది. ఇంటికి వెళ్ళేముందు ప్రతి రోగీ తనను బాగా చూసుకున్న ఆయా పేరు చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యాలి. రాయడం రానివాళ్ళకి గుమస్తా రాసిపెడతాడు. నెలలో ఎక్కువ చీటీలు వచ్చిన ఆయాకి ప్రెషర్ కుక్కర్. డాక్టర్లకూ బహుమతి ఉంది, కొడైకెనాల్‌లో ఐదు రోజుల విశ్రాంతి. రోజంతా నిలబడి కాళ్ళు వాచిన ఆడదానికి మాత్రం ఇంటికెళ్ళి ఇంకా తొందరగా వండి పెట్టమని కుక్కరు! ఆసుపత్రి కమిటీలో ఉన్న ఎనిమిది మంది మగవాళ్ళలో ఒక్కడికీ ఇందులో తప్పు కనబడలేదు. పైగా ఇంకో మాట చేర్చారు. మూడు నెలలు ఒక్క చీటీ కూడా రాని ఆయాని పనిలోంచి తీసెయ్యాలట.

మఠం పెద్ద మదర్ లూర్దమ్మ ఒక్కతే వద్దంది. చేతులెత్తించారు. ఎనిమిదికి ఒకటి. ఆరోగ్య మేరీ ఆ కాగితాన్ని టైపు చేయించి, తన చేత్తోనే గోడకి అంటించింది.

కళ్ళకి కట్టున్న మనిషి తనకెవరు ఏం చేశారో ఎలా చెబుతుంది? చెవినపడ్డ పేరు చెబుతుంది. ఈ సంగతి ఆయాలకి వారం తిరక్కుండానే అర్థమైంది.

"అవ్వా, నీళ్ళు తాపేది సుగుణ. సుగుణ. గుర్తుంటదా?"

"దుప్పటి కప్పింది కోటేశ్వరమ్మ, అవ్వా. ఆ సుగుణ కాదు."

"నీ పేరు నేను చెప్పానా? నా పేరు నువ్వెందుకు తీస్తావే?"

"నీళ్ళు తాపేటప్పుడు గొంతు మైకులాగా లేస్తుందే! పాను ఎత్తేటప్పుడు ఏమవుతుందమ్మా ఆ గొంతు?"

మధ్యలో నోరు తెరుచుకుని ముద్ద కోసం చూస్తున్న అవ్వ విసుక్కుంది. "ముందు అన్నం పెట్టండే తల్లుల్లారా. పేర్లు తర్వాత బళ్ళో చేరి నేర్చుకుంటా."

మూడు నెలలు గడిచాయి. రెండు కుక్కర్లు సుగుణకి, ఒకటి కోటేశ్వరమ్మకి వెళ్ళాయి. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పెట్టెలో ఒక్క చీటీ కూడా రానిది దీనమ్మకి. పంతొమ్మిదేళ్ళుగా ఆ వార్డులోనే చేస్తోంది. భర్త క్వారీలో నడుం విరిగి మంచం మీద ఉన్నాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ జీతంతోనే.

ఆరోగ్య మేరీ దీనమ్మని తీసేసే ఉత్తరం పట్టుకుని మదర్ గదికి వెళ్ళింది. పంతొమ్మిదేళ్ళ పిల్లగా మఠంలో చేరినప్పుడు ఆమెకి కట్టు కట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది లూర్దమ్మే. ఇప్పుడావిడకి డెబ్భై నాలుగు.

"సంతకం పెట్టండి మదర్. నాకు తల తిరిగిపోతోంది. వీళ్ళకి మంచి చెయ్యబోతే కుళాయి దగ్గర బిందెల కోసం కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నారు. ఇక ఆ దీనమ్మ! మూడు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు ఆమె పేరు చెప్పలేదు. అలాంటి మనిషిని ఎలా ఉంచుకుంటాం?"

మదర్ ఉత్తరం చదివింది. మడిచి జేబులో పెట్టుకుంది. అలమరలోంచి దూది, గుడ్డచుట్ట తీసింది.

"ఇలా కూర్చో, ఆరోగ్యం."

"ఎందుకు మదర్?"

"కూర్చోమన్నాను."

రెండు కళ్ళ మీదా దూది పెట్టి గట్టిగా కట్టు కట్టింది. చెయ్యి పట్టుకుని రెండో వార్డుకి నడిపించి, మూల మంచం మీద కూర్చోబెట్టింది.

"సాయంత్రం ప్రార్థన దాకా ఇది విప్పకు. ఏం కావాలన్నా ఆయాలున్నారు."

వచ్చింది సిస్టరమ్మ అని తెలిశాక ఆయాలు ఊరుకుంటారా? "నీళ్ళు సిస్టరమ్మా, సుగుణని." "దిండు సర్దుతున్నా, కోటేశ్వరమ్మని." "మజ్జిగ, సుగుణే మళ్ళీ." గంటలో మూడు గ్లాసులు తాగించారు. ఆరోగ్య మేరీకి ఒళ్ళు మండిపోయింది. కానీ పేర్లు మాత్రం బుర్రలో దిగబడ్డాయి.

మధ్యాహ్నానికి తాగిన నీళ్ళన్నీ తమ పని చేశాయి. ఇరవయ్యేళ్ళుగా సొంత ఒంటిని తనే సరిగ్గా చూసుకోని మనిషి. పిలవాలంటే నోరు రాలేదు. బిగబట్టి కూర్చుంది. కాలు మీద కాలు వేసింది. తీసింది.

ఒక చెయ్యి వచ్చి మోచేతి కింద పట్టుకుంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ చెయ్యే నడిపించింది, గడప దగ్గర ఆపింది, బట్టలు సర్దింది, కూర్చోబెట్టింది. తర్వాత తలుపు దగ్గరగా వేసిన చప్పుడు. అయ్యాక శుభ్రం చేసింది. సబ్బుతో చేతులు కడిగి, వేళ్ళ సందులు కూడా తుడిచి, మళ్ళీ మంచం దగ్గరికి తెచ్చింది. వెళ్ళిపోయింది.

ఆరోగ్య మేరీ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

సాయంత్రం గంట కొట్టకముందే మదర్ వచ్చి కట్టు విప్పింది. చేతిలో రెండు చీటీలు, ఒక పెన్సిలు పెట్టింది.

"నీళ్ళు ఎవరిచ్చారు?"

"సుగుణ." మొదటి చీటీ మీద రాసింది.

"దొడ్డికి ఎవరు తీసుకెళ్ళారు?"

పెన్సిలు ఆగిపోయింది. "పేరు చెప్పలేదు మదర్."

"నువ్వు అడిగావా?"

ఆమె తల దించుకుంది. తర్వాత కోపం ముంచుకొచ్చింది. "అంత పని చేసి పేరెందుకు చెప్పరు? చెబితేనే కదా నాకు తెలిసేది! నేనేమైనా అంతర్యామినా?"

పక్క మంచం మీద దుప్పటి మారుస్తున్న దీనమ్మ వెనక్కి తిరక్కుండానే అంది. "ఆ గదికి తీసుకుపోయేటప్పుడు మేం పేరు చెప్పం, సిస్టరమ్మా. గొంతు కూడా వినిపించం. ఇక్కడికొచ్చేదంతా మా ఊళ్ళోళ్ళే. కట్టు ఇప్పినాక సంతలో ఎదురుపడతారు. తమని ఎవరు అట్టా చూశారో తెలిస్తే తలెత్తుకోలేరు. మా అమ్మ కాలం నుంచీ ఈ వార్డులో అదే పద్ధతి."

"నన్ను తీసుకెళ్ళింది నువ్వేనా?"

దీనమ్మ దుప్పటి అంచు పరుపు కిందికి తోసింది. రెండో అంచూ తోసింది. మాసిన దుప్పటి చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

మదర్ జేబులోంచి ఉత్తరం తీసి ఆరోగ్య మేరీ ఒళ్ళో పడేసింది.

"పేరు రానివాళ్ళని తీసెయ్యాలన్నారు కదా. ఆ గది పని ఇక నువ్వు చెయ్యి. చేస్తూ నీ పేరు చెప్పు."

రెండో చీటీ ఖాళీగానే ఉంది. బయట గంట మోగింది. ఆరోగ్య మేరీ ప్రార్థనకి వెళ్ళలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, తను అంటించిన కాగితాన్ని గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది.

ఆ నెలలోనే ఆయాలందర్నీ పర్మనెంటు చెయ్యమని ఆమె కమిటీ ముందు కాగితం పెట్టింది. ఎనిమిది మందీ కాదన్నారు. మూడేళ్ళు వరసగా పెట్టింది. నాలుగో ఏడు సుగుణ, కోటేశ్వరమ్మ, దీనమ్మలతో కలిసి పన్నెండు రోజులు ఆసుపత్రి గేటు ముందు కూర్చుంది. ఆయాలు పర్మనెంటయ్యారు. ఆమెని వేరే జిల్లాకి పంపేశారు.