చిలకకి జలుబు చేస్తే

"‘పడవ మునిగితే ఏం చేస్తావు’ అన్నాడమ్మా వీడు. గుమ్మం దాటుతుంటే, మొహం మీదే అడిగాడు," అని పెద్దోడు జయధ్వజుడు తల్లి దగ్గర గోల పెట్టాడు. ఎక్కడికని అడిగినా చాలు, వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే ఇల్లది. రాణిగారు చిన్నోడు ఇంద్రనీలుణ్ణి నోరు మూసుకోమంది.

కేతకీపురాన్ని ఏలిన రాజుగారి కొడుకులు వీళ్ళు, మొత్తం ముగ్గురు. ఆ రాజుగార్ని కరాళుడనే మాంత్రికుడు శపించాడు. పాదాల నుంచి రాయి పైకి పాకుతోంది. మోకాళ్ళు దాటేసింది. గుండె చేరేలోపు మాయ విడవాలంటే మాంత్రికుడు చావాలి. వాడి ప్రాణమేమో ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది.

పెద్దోడు వెళ్ళాడు, రాలేదు. నడిపోడు వెళ్ళాడు, రాలేదు. రాయి రాజుగారి నడుం దాకా వచ్చింది.

చిన్నోడికి భయం వేసింది. అసలేం జరుగుతోందో తెలుసుకోవాలని కూడా అనిపించింది. ఒడ్డున ఉన్న ముసలి తాబేలుని అడిగాడు, ఇప్పటిదాకా ఎంతమంది వెళ్ళారని. నూరుమంది అంది. సముద్రంలో ఎంతమంది పోయారంటే ముగ్గురే అంది. మరి మిగతావాళ్ళు?

"పంజరం దగ్గర, నాయనా. నీళ్ళ మీద ఒళ్ళు దగ్గర పెట్టుకునే వెళ్తారు. చిలక కనపడగానే, ఇంకేముందిలే అని చెయ్యి పెడతారు. అది అరుస్తుంది, వాడొస్తాడు, వీళ్ళు రాళ్ళైపోతారు."

తనూ రాయైతే ఇంకెవర్నీ పంపొద్దని అమ్మతో చెప్పమని దానికి అప్పజెప్పి, వీపెక్కాడు చిన్నోడు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

పంజరం చుట్టూ తొంభై ఏడు రాళ్ళు. రెండింటికి అన్నల మీసాలున్నాయి. చిన్నోడు చేతులు కట్టుకుని దూరంగా కూర్చున్నాడు. మీవాడి మంత్రాలు ఎప్పుడు పనిచెయ్యవని చిలకనే అడిగాడు. ఈ మాట ఇన్నాళ్ళకి ఒక్కడు అడిగాడంది చిలక. ప్రాణం నాలోంచి బయటికి తీస్తే పనిచెయ్యవు, కానీ వాడెందుకు తీస్తాడంది.

సాయంత్రం గింజలు వెయ్యడానికి కరాళుడొచ్చాడు. మంత్రం వెయ్యబోయి చెయ్యెత్తాడు.

"చిలకకి జలుబు చేస్తే నీకేమవుద్ది?" అన్నాడు చిన్నోడు.

ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. కత్తులొస్తాయని పులుల్ని పెట్టాడు, పడవలొస్తాయని మొసళ్ళని పెట్టాడు. జలుబు సంగతి వాడికెప్పుడూ తట్టలేదు. చిలక ఓరగా చూసి, పనిగట్టుకుని తుమ్మింది.

"మందేంటి?" అన్నాడు వాడు.

"నాకేం తెలుసు. ఉన్నదంతా ఒక్క పిట్టలో పెడతారా ఎవరైనా? సగం ఇంకో చిలకలో పెట్టుకోవచ్చుగా."

మాట బానే ఉందనిపించింది వాడికి. ఒక్క క్షణమే కదా అనుకుని, ప్రాణాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

ఆ క్షణంలోనే రాళ్ళన్నీ మనుషులై లేచాయి. వాడి మాయతో చిలకైన నీలవేణి అనే రాజకుమారి మళ్ళీ మనిషై, దీపంలా వెలుగుతున్న ఆ ప్రాణాన్ని ఉఫ్‌మని ఊదేసింది.

అక్కడ కేతకీపురంలో రాజుగారు రాయి వదిలిన కాళ్ళు హాయిగా చాపుకున్నారు. ఇంద్రనీలుడూ నీలవేణీ పెళ్ళి చేసుకుని, జుట్లు నెరిసి ముగ్గుబుట్టలయ్యేదాకా చల్లగా ఏలారు.

సరేగానీ, మీ ప్రాణాన్ని మీరే ఎక్కడో ఒకచోట దాచుకోవాల్సొస్తే, ఎక్కడ పెడతారు?