రాజముద్ర ఉన్న అచ్చు

వరదలకు కోనపురం రాజ్యంలో సగం ఊళ్లు కొట్టుకుపోయాయి. ఎవరికి ఏ సాయం అందాలో ఆజ్ఞలు రాసి రాసి రాతగాళ్ల చేతులు పడిపోతుంటే, "ఒక అచ్చు చేయిస్తే గుడ్డ మీద టకటకా కొట్టేయొచ్చు కదా!" అనుకున్నారు రాజు వీరభూపాలుడుగారు.

కొన్నాళ్లకు సభలోకి రెండు అచ్చులు వచ్చాయి. మంత్రి విరూపాక్షయ్య తెచ్చిన రాగి అచ్చులో ఆజ్ఞతో పాటు రాజముద్ర కూడా చెక్కేసి ఉంది. ఎవరికి, ఏమివ్వాలి అన్న రెండు ఖాళీలు నింపితే చాలు. అద్దకం పనిచేసే బసవక్క తెచ్చిన చెక్క అచ్చులో ఆ ఖాళీలున్నాయి గానీ ముద్ర లేదు.

"అంటే ప్రతిసారీ ప్రభువులే ముద్ర వేస్తూ కూర్చోవాలా? ఏలినవారికి ఇంకేం పని లేదా?" అని మంత్రి నవ్వాడు. రాజుగారికీ అది సబబే అనిపించింది.

"అయ్యగారి అచ్చుతో ఒక్కటి వేసి చూస్తాను, మహాప్రభూ," అంది బసవక్క. గుడ్డ మీద అచ్చు కొట్టి, ఖాళీలు నింపి, వాకిట్లో ఉన్న భటుడి చేతికిచ్చింది.

భటుడు చదివి, ముద్రను కళ్లకద్దుకున్నాడు. తిన్నగా వచ్చి మంత్రిగారి తలపాగా ఊడదీసి బసవక్క చేతిలో పెట్టాడు.

"ఎవడు చెప్పాడురా నీకు?" అని రాజుగారు గర్జించారు.

"తమరే కదా, ప్రభూ!" అని వాడు గుడ్డ చూపించాడు.

రోజూ చూసే ఆ ముద్రకు ఇంత బలముందని రాజుగారికి ఆవేళే తెలిసింది. కన్నార్పకుండా దాన్నే చూస్తూ, "బసవక్కా, ఆ ఖాళీలో ఇంకేమైనా రాయొచ్చా?" అని మెల్లగా అడిగారు.

"ఏదైనా రాయొచ్చు, మహాప్రభూ. నేను గనక తలపాగాతో ఆగాను."

రాజుగారు ఒక చేత్తో కిరీటం గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో చెక్క అచ్చు అందుకున్నారు.