నీళ్ళకి ఎదురీదిన బుడగ

అనగనగా ఒక మడ అడవిలో, ఏరు సముద్రంలో కలిసే చోట, ఒక బడి ఉండేది. పాఠం చెప్పేది లకుముకిపిట్ట మేష్టారు. మంచి ముక్కు, మంచి గొంతు, రెంటికీ మించిన గర్వం.

ఆ ఏడు కొండవాగు నుంచి మూడు నీటికుక్క పిల్లలు చదువుకి దిగాయి. గులక, నురుగు, బుడగ. రెండు నెలలుండి పీతలు పట్టడం, బురదలో నడవడం నేర్చుకుని వెళ్ళాలి. వాళ్ళని కనిపెట్టుకుని ఉండే పని, ముక్కు కింద సంచి వేలాడే గూడబాతు సంచెమ్మది. ఎక్కడ పడుకోవాలి, ఏది తినకూడదు, ఎవరి వేరు మీదెక్కితే ఎవరు తిడతారు, అన్నీ ఆవిడే చెప్పాలి.

మొదటిరోజు సంచెమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. "బయల్దేరేటప్పుడు మీ అమ్మ ఏం చెప్పిందర్రా?"

"తెలియని చేప ముట్టుకోవద్దంది," అంది గులక.

"పోట్లాడుకుంటే ముందు నన్నే పలకరించమంది," అంది నురుగు.

"దారి తప్పితే నీళ్ళకి ఎదురీదు, ఇల్లొస్తుంది అంది," అన్నాడు బుడగ.

మేష్టారు పకపకా నవ్వాడు. "ఏమమ్మా సంచెమ్మా, ఈ ముచ్చట్లకీ చదువుకీ ఏం సంబంధం? పాఠం చెప్పేది నేను. నీ ఉద్యోగం సంచి ఊపుకుంటూ తిరగడమేగా!"

"అదేలెండి మేష్టారూ. మీ ముక్కుకి అందనివి కొన్ని నా సంచిలో పడతాయి," అంది సంచెమ్మ.

రెండోరోజు మేష్టారు పాఠం చెప్పాడు. "సముద్రం నీటిని ఏట్లోకి తోస్తే పోటు. వెనక్కి లాగితే పాటు." ముగ్గురూ గడగడా అప్పజెప్పారు.

బుడగ నోరు పాఠంలో ఉంది, మనసు కొండమీద ఉంది. ఇక్కడ నీళ్ళు ఉప్పన. వాళ్ళ వాగులో రాళ్ళ చల్లదనం, ఒడ్డున మద్దిచెట్ల నుంచి రాలిన మద్దాకుల వాసన. ఇక్కడ పడుకుంటే ఆనుకోడానికి అమ్మ వీపు లేదు. ఎవరికైనా చెబితే నవ్వుతారని వాడి భయం.

మూడోరోజు మధ్యాహ్నం వాడు చెప్పాపెట్టకుండా ఏట్లోకి దూకాడు. నీళ్ళకి ఎదురుగా మూతి పెట్టి, ఈదడం మొదలెట్టాడు.

పాఠం వేళకి వాడు లేడు. "ఇంటికి పారిపోయుంటాడు!" అంటూ మేష్టారు కొండవైపు ఎగరబోయాడు.

"ఆగండి. ఇప్పుడు పోటా, పాటా?" అంది సంచెమ్మ.

"పోటు."

"నీళ్ళు ఎటు పోతున్నాయి?"

"కొండవైపు."

"వాడు నీళ్ళకి ఎదురీదుతాడు మేష్టారూ! సముద్రంలోకి పోతున్నాడు!"

మేష్టారు గిరుక్కున సముద్రం వైపు తిరిగాడు. "పోటూ పాటూ పాఠం చెప్పానుగా! అప్పజెప్పాడు కూడా!"

"అప్పజెప్పింది నోరు. ఈదేది కాళ్ళు. కాళ్ళకి వాళ్ళమ్మ మాటే తెలుసు. ఆ మాట ఇక్కడ చెల్లదని మొదటిరోజే నేను చెప్పాల్సింది. ఆ తప్పు నాదే."

సంచెమ్మ రెక్కలు విప్పింది. ఏరు సముద్రంలో కలిసే చోటు దాటగానే, అలల మధ్య, ఒక చిన్న నల్లతల మునుగుతూ తేలుతూ కనబడింది.

"పెద్దమ్మా, ఎంత ఈదినా ఇల్లు రావట్లేదు!" అని ఏడ్చాడు బుడగ.

"ఈదడం ఆపరా. వెల్లకిలా తేలు. నీళ్ళే వెనక్కి తీసుకెళ్తాయి."

"అమ్మ ఎదురీదమంది కదా."

"మీ అమ్మ మీ వాగుకి చెప్పింది నాన్నా. ఈ ఏటికి నేను చెబుతున్నాను."

వాడు తేలాడు. పోటు వాణ్ణి మెల్లగా మోసుకొచ్చింది. సంచెమ్మ పక్కనే ఈదుతూ వచ్చింది. దారిపొడుగునా ఒక్క తిట్టూ తిట్టలేదు. ఒడ్డు చేరాక మాత్రం చెవుల తుప్పు వదిలేలా తిట్టింది.

మర్నాడు పొద్దున్న, పాటు వేళ, వాణ్ణి నీటి అంచుకి తీసుకెళ్ళింది. కొట్టుకొచ్చిన ఒక మద్దాకు వాడి మూతికి తగిలింది.

"ఇవి మీ కొండ నుంచి దిగొచ్చే నీళ్ళు. రోజుకి రెండుసార్లు ఇటు వస్తాయి. బెంగ పుడితే వచ్చి మూతి ముంచు. కానీ నాతో చెప్పి రా."

బుడగ మూతి ముంచాడు. చాలాసేపు తియ్యలేదు. వెనక నిలబడ్డ మేష్టారు పాఠానికి రమ్మని పిలవలేదు.

రెండు నెలలకి ముగ్గురూ కొండెక్కి వెళ్ళిపోయారు. ఇప్పటికీ పాటు వేళ సంచెమ్మ ఏటి ఒడ్డున కూర్చుని ఆకులకేసి చూస్తుంది. ఎప్పుడో ఒకసారి, బుడగ పంటిగాటు పెట్టి వదిలిన మద్దాకు ఒకటి తేలుతూ వస్తుంది.

నీతి: పిల్లల్ని పరాయిచోటికి చదువుకి పంపితే పాఠం అప్పజెప్పించుకునేవాళ్ళు ఒక్కరే చాలరు, బెంగ ఏమిటని అడిగేవాళ్ళు కూడా ఉండాలి.