చేతుల్లేని రాజు బొమ్మ

నైలు నది ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని మెర్నఖ్తు అనే రాజు ఏలుతుండేవాడు. ఎవరిమీద కోపం వచ్చినా చేతులు నరికించడమే ఆయనకు తెలిసిన న్యాయం. ఆయన ఇలా చెయ్యెత్తితే, అక్కడ ఎవరిదో చెయ్యి తెగిపడేది.

ఆ దేశంలో రాజులు బతికుండగానే తమ శవపేటిక చేయించుకుంటారు. అందులో ఏ బొమ్మ గీస్తే అది పరలోకంలో ప్రాణంతో లేస్తుందని వాళ్ళ నమ్మకం. మెర్నఖ్తు పేటికను హువీ అనే వడ్రంగి చేస్తే, బొమ్మలు వాడి అన్న ఇపూయి గీశాడు. పాపం, ఒక చెక్క పలకలో కణుపు కనబడిందని హువీని చెరలో వేయించాడు రాజు. మర్నాడు వాడి చేతులు తీసేయాలి.

ఆ రోజే రాజు పేటిక చూడవచ్చాడు. లోపల గీసిన పాములకు తలల్లేవు. సింహాలు సగమే ఉన్నాయి.

"ఇదేం పనిరా, సగం సగం?" అని పక్కనున్న ఇపూయిని అడిగాడు.

"హాని చేసే జంతువుని పూర్తిగా గీయకూడదు ప్రభూ. అక్కడ లేచి తమరినే కరుస్తుంది."

రాజు మెచ్చుకోలుగా తలూపి, మరికాస్త వంగి చూశాడు. రొట్టెలు కాల్చేవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు, వాళ్ళ మధ్య తన బొమ్మ. ఆ బొమ్మ చేతులు మణికట్ల దగ్గరే ఆగిపోయాయి.

"నా చేతులేవిరా?" అని గర్జించాడు.

ఇపూయి చేతులు జోడించాడు.

"మొదట గీశాను ప్రభూ. తర్వాత భయమేసి చెరిపాను. తమరికి చేతులుంటే, నెల తిరిగేసరికి ఈ సేవకులకు ఉండవు. అప్పుడు అక్కడ తమరికి రొట్టె కాల్చిపెట్టేదెవరు?"

"ఇంకొకడి చేత గీయిస్తాను!"

"కుంచె పట్టే చేతులు ఊళ్ళో ఇవి రెండే మిగిలాయి ప్రభూ."

"అయితే అందరికీ చేతులు ఉండేలా గీయి."

"నేను చూసిందే గీయగలను. తమరికి కోపం తెప్పించి, చేతులతో మిగిలిన మనిషిని ఇంతవరకు చూడలేదు. ఒక్కణ్ణి చూపించండి."

అతను అడుగుతున్నది తమ్ముడి చేతులేనని రాజుకు అర్థమైంది. పకపకా నవ్వాడు. హువీని విడిపించి, ఇపూయి మెడలో బంగారు హారం వేశాడు.

"ఇక గీయరా!"

"చిత్తం. అరచేతులు ఇవాళే గీస్తాను. వేళ్ళు మాత్రం ఏడాదికొకటి. ఈలోగా ఎవరి చెయ్యి తెగినా అంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది."

రాజు మళ్ళీ నవ్వాడు గాని, ఈసారి అంత గట్టిగా కాదు.

ఎనిమిదో ఏడు ఆయన పోయాడు. అప్పటిదాకా రాజ్యంలో మరో చెయ్యి తెగలేదు. ఎనిమిది వేళ్ళ బొమ్మ పక్కన రాజును పడుకోబెట్టాక, మూత మీద చెక్క సీలలు బిగించింది హువీయే, తన రెండు చేతులతో.