వరుణుడు పూరించిన పాదం

పూర్వం, సముద్రానికింకా హద్దు ఏర్పడని యుగంలో, సాగరకేతుడనే రాజు ఏలుబడిలో, పశ్చిమదిక్పాలకుడూ పాశహస్తుడూ అయిన వరుణదేవుడు స్తోత్రాలకు మరిగి, పొగిడినకొద్దీ పొంగి, పొంగినకొద్దీ తీరాన్ని మింగుతూ వచ్చాడు. రాజు పంపిన కవులు పొగుడుతూనే ఉన్నారు. వాళ్లకేం, మునిగేది ఒడ్డున బతికేవాళ్ల కొంప.

నీరు పల్లెకారుల గుమ్మాలు తాకిన నాడు, ఎవరికీ తల వంచి ఎరుగని బ్రహ్మవాదిని వేలావతి మోకాటిలోతు నీళ్లలో నిలిచి, అరచేత తాళం వేస్తూ ఒక్క పాదం చదివింది:

"కడలేని జలరాజు కట్టలు దాటి"

అంతటితో ఊరుకుంది.

ఆస్థాన లాక్షణికుడైన మానదండ మహర్షి గట్టుమీంచి నవ్వాడు. "ద్విపదకు రెండు పాదాలుంటాయమ్మా. నీది కుంటిది. దేవుడికి అవిటి పద్యం ఇస్తావా?"

"ఎవరిమీద పద్యం ఎత్తుకుంటే వారే పూరించడం మన సభల ఆచారం కదా స్వామీ. ఆయనకు చేతకాకపోతే చెప్పమనండి, పోతాను."

ఆ మాట తగిలి, మకరవాహనుడు అలలు చీల్చుకుని లేచాడు. "నాకు చేతకాదా? విను. ఊళ్లన్ని ముంచుచు నూరేగుచుండె."

"గణాలు సరే, యతీ పడింది. ప్రాస పోయింది. నా పాదంలో రెండో అక్షరం డకారం. నీ దాంట్లోనూ అదే రావాలి."

"గడపలు ముంచెను మడులును ముంచె."

"ప్రాస కుదిరింది, యతి చెడింది. గకారంతో ఎత్తుకుని మూడో గణానికి మకారం తెస్తావా? నీ గొప్ప తప్ప నీకు వేరే మాట రాదా ప్రభూ?"

మానదండుడు నవ్వు మాని వేళ్లమీద గణాలు వేసుకున్నాడు. "దేవా, ఆమె చెప్పింది శాస్త్రమే."

తనమీది పద్యం సగంలో ఆగడం వరుణుడి అభిమానం ఓర్వలేకపోయింది. డకారం పలికే మాటకోసం అటూ ఇటూ వెదుకుతూ, పుట్టింది మొదలు తన పొంగునే తప్ప మరి దేన్నీ చూడని ఆ దేవుడు, మొదటిసారి ఒడ్డును చూశాడు. తడిసి వాలిన తాటాకు కప్పు. దానిమీద, వల ఒళ్లో పెట్టుకుని ఒక ముసలమ్మ. ఆమె ఆయన వైపే చూస్తోంది. జలాధిపతి గొంతు తగ్గింది.

"గుడిసెలు చూచి తా గొబ్బున మరలె."

వేలావతి తాళం వేసి చూసుకుంది. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. యతి నిలిచింది, ప్రాస నిలిచింది. ఎక్కడా వంక లేదు. సత్యపాలకుడి నోట వెలువడ్డ మాట బొంకు కాజాలదు గనుక, నీరు ఆమె మోకాళ్లు విడిచి, గుమ్మాలు విడిచి, వెనక్కి నడిచింది.

"వరం కోరుకో. ఈ పద్యం నీ పేరనే నిలుపుతాను" అన్నాడు వరుణుడు.

"పేరు నాకెందుకు? మొదటి పాదం నాది, రెండోది నీది, గుడిసెలు వాళ్లవి. ఎంత ఎగిరినా ఇక్కడ ఆగు. అది చాలు."

"తథాస్తు" అన్నాడు వరుణుడు.

నాటినుంచి అల ఎంత పొగరుగా వచ్చినా ఒడ్డు చూసి మళ్లుతుంది. ఆ తీరంవాళ్లు పడవ దించేటప్పుడు తలెత్తి మొదటి పాదం తాము పలికి, సముద్రం వైపు చెవి పెడతారు. అది రెండోది పూరించేదాకా తెడ్డు ముట్టరు.